వంటింటి బోర్డుకు ఎర్ర తాళం

మొన్న శుక్రవారం వంటింట్లో స్విచ్చు వేస్తే చిటుక్కుమని నిప్పురవ్వ ఎగిరింది. మా ఆయన వెంటనే సొరుగులోంచి ఎర్ర తాళం తీశాడు. నేను వెంటనే ఫ్రిజ్ తలుపు తీశాను. ఇద్దరం మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం. ఇద్దరికీ గుర్తొచ్చింది అత్తమ్మే.

అప్పట్లో సౌదీలోని యాన్బులో ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్లం. అత్తమ్మ జగిత్యాల నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. వస్తూ వస్తూ ఉన్నన్నాళ్లకూ సరిపడా ఇన్సులిన్‌నూ, చీరల మధ్య చుట్టి తన మిక్సీనీ తెచ్చుకుంది. వేరే మిక్సీలో నూరిన పచ్చడి ఆమె నాలుకకు ఆనదు. మన గుండ్రటి పిన్నులేమో ఇక్కడి చదరపు కన్నాల్లో దూరవు. దానికి ఇక్కడ మనవాళ్లందరికీ తెలిసిన విద్య ఒకటుంది: పై కన్నంలో పుల్ల గుచ్చితే కింది రెండూ తెరుచుకుంటాయి. వచ్చిన వారానికే అత్తమ్మ ఆ విద్య పట్టేసింది. కొడుకు డ్యూటీకి పోయాక పుల్ల అందుకునేది. వదులుగా కూర్చున్న ప్లగ్గు రోజూ చిటపటలాడేది. నేను వద్దంటే, "చెప్పులేస్కున్న గదనే, ఏం గాదు" అని నన్నే కసిరేది. చెప్పులు చూస్తే కరెంటు జడుసుకుని పారిపోతుందని ఆమె నమ్మకం.

ఒకరోజు పొద్దున కొడుకు ఇంట్లో ఉండగానే తొందరపడింది. పల్లీల పచ్చడి సగంలో ఉండగా బోర్డు భగ్గుమంది. ప్లగ్గు కరిగింది, గోడ నల్లబడింది, ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు. దేవుడి దయ, చెయ్యి కాలలేదు. మా ఆయన ప్లాంటులో ఎలక్ట్రికల్ టెక్నీషియన్. అక్కడ కరెంటు తీసి పని చేసేవాడు తన తాళం తానే వేసుకుంటాడు. దాన్ని ఇంకొకరు తీయకూడదు. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాడు. వంటింటి బ్రేకరు దించి, మెయిన్ బోర్డు మూతకు ఎర్ర తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకుని, "సాయంత్రం కొత్త సాకెట్ తెస్త. అప్పటిదాక ఎవ్వలు ముట్టద్దు" అని బస్సెక్కాడు. ఫ్రిజ్ కూడా ఆ బ్రేకరు మీదే ఉందని ఆ మహానుభావుడికి తట్టలేదు. ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు.

మధ్యాహ్నానికి ఫ్రిజ్‌లో మంచు నీళ్లయి కారింది. హాల్లోంచి వైరు లాగుదామంటే అక్కడున్నది పాత నూటపది వోల్టుల లైను, ఫ్రిజ్‌కు పనికిరాదు. బయట ఎండ మాడుతోంది. అత్తమ్మ ఇన్సులిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మందు కరాబైతే నా గతేందే?" అంది. ఆమె కళ్లల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన మీద నాకు ఒళ్లు మండిపోయింది.

కింది అంతస్తులో ఒక పాకిస్తానీ భాబీ ఉండేది. ఆమె పలకరిస్తే అత్తమ్మ తల తిప్పుకునేది. "వాళ్ల ఫ్రిజ్‌ల పెద్దకూర ఉంటదే" అనేది నాతో. ఆరోజు మాత్రం నేను మెట్లు దిగుతుంటే డబ్బా పట్టుకుని నా వెనకే వచ్చి, భాబీ గుమ్మం బయటే నిలబడిపోయింది. భాబీ నా మాట విన్నది, అత్తమ్మ మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. ఫ్రిజ్‌లో పై అరంతా ఖాళీ చేసి, నిమ్మకాయ నీళ్లతో తుడిచి, ఉతికిన తువ్వాలు పరిచింది. "అమ్మీ, యే ఆప్‌కా హై" అంది. ఆ అర తనదేననేసరికి అత్తమ్మ లోపలికొచ్చి డబ్బా తన చేత్తోనే పెట్టింది.

సాయంత్రం మా ఆయన తాళం తీశాడు, కొత్త సాకెట్ బిగించాడు, మిక్సీకి ఇక్కడి ప్లగ్గు వేశాడు, అమ్మ చేత కడుపునిండా తిట్లు తిన్నాడు. మా ఫ్రిజ్ చల్లబడ్డాక డబ్బా తెద్దామని నేను లేస్తే అత్తమ్మ ఆపింది.

"ఉండనియ్. సూదికి పోయినప్పుడల్లా ఆమెతోని నాలుగు ముచ్చట్లు పెట్టొచ్చు."

వీసా అయిపోయేదాకా రెండు పూటలా కిందికి దిగి, తనకొచ్చిన ఉర్దూలో ఊరి సంగతులన్నీ చెప్పింది. పోయేనాడు మిక్సీ భాబీకే ఇచ్చిపోయింది.

అత్తమ్మ ఇప్పుడు లేదు. భాబీవాళ్లు తబూక్ వెళ్లిపోయారు. మొన్న స్విచ్చు బాగయ్యాక భాబీకి ఫోన్ చేశాను. "ఆగు, పల్లీల చట్నీ నూరుతున్నా" అంది ఉర్దూలో. వెనక నుంచి ఆ పాత గరగర వినిపించింది. కాలం మేమున్న ఒక్కో ఇంటికీ తాళం వేసుకుంటూ పోయింది గాని, అత్తమ్మ మిక్సీని మాత్రం ఆపలేకపోయింది.