ఐదు వాట్ల పరీక్ష

దేశదేశాల వాళ్ళతో మాట్లాడుకునే నా హామ్ రేడియో శక్తి ఐదు వాట్లు. ఒకప్పుడు పడకగదిలో వెలిగించుకున్న జీరో బల్బు కూడా దీనికంటే ఎక్కువ కరెంటు తాగేది. ఈ సంగతి చెప్పగానే ఎవరైనా సరే ముందు నవ్వుతారు, తరువాత జేబులోంచి ఫోన్ తీసి చూపిస్తారు. "గిది ఉండంగ గదెందుకు సార్?" అంటారు. మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చున్నవాణ్ణి, మార్కెట్లో చేపలు దొరకవా అని ఎవరూ అడగరు కదా!

నాది కాజీపేటలో రైల్వే ఉద్యోగం. వారానికి ఒకటే సెలవు, ఆదివారం. ఆ రోజు పొద్దున్నే రేడియో ముందు కూర్చుంటాను. వేలి కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కుతూ వదులుతూ చుక్కలూ గీతలుగా "ఎవరైనా ఉన్నారా?" అని పిలుస్తాను. నొక్కినప్పుడల్లా నాకు తెలియడానికి రేడియో కూడా కుయ్ కుయ్ మని కూస్తుంది. ఒక్కోసారి గంటసేపు ఎవరూ పలకరు. ఒక్కోసారి జపాన్‌లో ఒక పెద్దాయన పలికి, మీ ఊళ్ళో ఎండ ఎలా ఉందని అడుగుతాడు. ఇక ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనవు. మా ఆవిడ నన్ను "ఐదు వాట్ల మొగుడు" అనడం అలాంటి ఒక రోజునే మొదలుపెట్టింది.

ఈ సరదాకు రేడియో ఒక్కటే చాలదు, తీగ కావాలి. డాబా మీద ఈ మూల నుంచి ఆ మూలకు సాగే పొడవాటి తీగ. వరంగల్లో కిరాయి ఇంటి కోసం తిరిగినప్పుడు ముగ్గురు యజమానులు నా మాట పూర్తిగా వినకుండానే తలుపు వేసుకున్నారు. పిడుగు పడుతుందని ఒకరు, పోలీసులు వస్తారని ఒకరు. మూడో ఆయన కారణం కూడా చెప్పలేదు. నాలుగో ఇంటి అమ్మ ఒక్కతే, "తీగనే గదా, బట్టలు ఆరేస్తలేమా" అంది. ఆ రోజే అడ్వాన్స్ ఇచ్చేశాను.

ఆమె కింది భాగంలో ఒంటరిగా ఉంటుంది. కూతురు హనుమకొండలో. మోకాళ్ళు అరిగిపోయి చర్చికి వెళ్ళలేకపోతోంది. అందుకని ఆదివారం పదింటికి ఆరాధన ఫోన్‌లో పెట్టుకుని, దానికి ఒక పెద్ద స్పీకర్ తగిలించుకుని, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చేతిలో బైబిలు, ఒంటి మీద ఇస్త్రీ చీర. ఇంట్లోనే ఉన్నా చర్చికి పోయినట్టే తయారవుతుంది.

చేరిన నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్ల కింద నుంచి నన్ను పిలిచింది.

"బిడ్డా, నీ మిషిను నా స్పీకర్ల ఒర్లుతాంది. మూడు వారాలాయె. పాస్టరయ్య నోరు తెరిస్తే చాలు, గర్రు గర్రుమంటాంది. ఒక్క వాక్యం చెవిల పడ్తలేదు."

నాకు చర్రున కోపం వచ్చింది. తక్కువ శక్తితో మాట్లాడేవాళ్ళకు ఒక పొగరు ఉంటుంది. వందల వాట్లు కుమ్మరించేవాళ్ళు ఊరి టీవీలన్నీ పాడు చేస్తారు గానీ, మా వల్ల చీమకైనా హాని ఉండదని మా నమ్మకం. "ఐదు వాట్లమ్మా! ఇది నాది కానే కాదు. మీ స్పీకరే పాతదై ఉంటుంది" అన్నాను. ఆమె నా ముఖం కేసి చూసి, "వచ్చే ఆయితారం ప్రార్థనకు ముందుగాల సూద్దాం. నీదే అయితే తీగ తీసెయ్యాలె. జర ఏమనుకోకు బిడ్డా" అంది.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. తీగ పోతే రేడియో అటక ఎక్కుతుంది, లేదా నేను మళ్ళీ సామాను కట్టి ఐదో ఇంటి గడప తొక్కాలి. శనివారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, ఎందుకైనా మంచిదని రేడియో విప్పి, అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకుని మూసేశాను.

ఆదివారం తొమ్మిదిన్నరకు పరీక్ష. కింద స్పీకర్ ఆన్ చేసుకుని కూర్చున్న ఆమె పక్కన మా ఆవిడ నిలబడింది. పైన నేను మీట నొక్కాను. రేడియో కూసింది. మళ్ళీ నొక్కాను. కింద నుంచి మా ఆవిడ కేక వేసింది. "ఏం లేదు! సప్పుడే లేదు!"

మెట్లు రెండేసి చొప్పున దిగాను. చెప్పానా లేదా అన్నట్టు నిలబడ్డాను. ఆమె "సరె బిడ్డా" అని మాత్రం అని, లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆ చాయ్ ఎంత రుచిగా ఉందో చెప్పలేను. వారం రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

పైకి వచ్చి హుషారుగా పిలవడం మొదలుపెట్టాను. ఎవరూ పలకలేదు. అసలు రేడియోలో ఒక్క కూత కూడా వినిపించడం లేదు. ఇలాంటప్పుడు మా వాళ్ళందరం చేసే పనే నేనూ చేశాను, సూర్యుణ్ణి తిట్టుకున్నాను. సూర్యుడిలో ఏదో తేడా వచ్చి ఆకాశంలో రేడియో అలల దారి మూసుకుపోయిందని సరిపెట్టుకున్నాను. ముప్పావు గంట తరువాత పెన్ను కోసం రేడియో వెనక్కి చెయ్యి పెడితే వేళ్ళకు వెచ్చగా ఏదో తగిలింది.

డమ్మీ లోడ్. రేడియో విప్పి చూసుకునేటప్పుడు తీగ ఊడదీసి, దాని బదులు తగిలించే చిన్న డబ్బీ. శక్తినంతా తనే మింగి వేడెక్కుతుంది, బయటికి ఏమీ పోనివ్వదు. శనివారం సాయంత్రం తగిలించాను. తీయడం మరిచాను. పొద్దున పరీక్షలో నేను పంపిందంతా ఈ డబ్బీ కడుపులోకే పోయింది.

మా ఆవిడకు చెప్పాను. ఆమె తలుపు దగ్గరకు వేసి వచ్చి, "అయిపోయిందాన్ని మళ్ళ ఎందుకు తవ్వుడు? సప్పుడు జెయ్యకుండ ఉండు. ఆదివారాలు బంద్ వెట్టు, సాయంత్రాలు ఆడుకో" అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది, అబద్ధం ఎందుకు? కింద నుంచి ఆరాధన పాట వినిపిస్తోంది. ఆ స్పీకర్ శుభ్రంగా పాడుతుంటే నాకు సిగ్గేసింది. ఆమె ఇచ్చిన చాయ్ తాగి ఇంకా రెండు గంటలు కాలేదు. నా పొగరుతో ఆమె స్పీకర్‌కు వంక పెట్టాను కూడా.

ఆరాధన అయ్యాక దిగి వెళ్ళాను. "అమ్మా, పొద్దున పరీక్ష చెల్లదు. తీగ తగిలించడం మరిచిపోయాను. మళ్ళీ చూద్దాం" అన్నాను. ఆమె స్పీకర్ ఆన్ చేసింది.

ఈసారి మీట నొక్కగానే కింద నుంచి వచ్చిన గర్రు పైన నాకే వినిపించింది. దొంగ నేనే. ఐదు వాట్ల దొంగ.

"ఒక్క గంట టైమివ్వండమ్మా" అని బతిమాలాను. ఆమె తలూపింది. డాబా మీది తీగ నుంచి నా రేడియోకు వచ్చే కేబుల్ సరిగ్గా ఆమె కిటికీకి పైనే దిగుతోంది. దాన్ని వెనక గోడకు మార్చాను. స్పీకర్ వైరు ఫోన్ దాకా మూడు గజాలుంది, నా తీగ నుంచి వచ్చేదంతా అదే పట్టుకుంటోంది. వైర్లలోకి దూరే రేడియో అలల్ని అడ్డుకునే నల్లటి ఫెరైట్ రింగులు నా దగ్గరున్నవి రెండు తెచ్చి, ఆ వైరును వాటి చుట్టూ ఎనిమిదేసి చుట్లు చుట్టాను. తీగ తగిలి ఉందని మూడుసార్లు పట్టుకుని చూసుకుని, మా ఆవిడకు కూడా చూపించి, మీట నొక్కాను. కింద నిశ్శబ్దం. చాలాసేపు నొక్కి పట్టుకున్నాను. నిశ్శబ్దమే. "ఏం లేదు" అని ఆమే స్వయంగా కేక వేసింది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు?

కిందికి వచ్చి, "మరి తీగ ఉండొచ్చా అమ్మా?" అని అడిగాను.

ఆమె స్పీకర్ ఆపి, నింపాదిగా కుర్చీలో కూర్చుంది. "మూడు వారాలు నీ మిషిను పైన కూసినప్పుడల్లా కింద నా స్పీకర్ ఒర్లింది. రెండు ఒక్క తాళమే. గియ్యాల పొద్దున నీది కూసింది, నాది ఒర్లలే. మోకాళ్ళు పోయినయి గని చెవులు మంచిగనే ఉన్నయి బిడ్డా. ఏందో మాయ చేసి నన్ను పిచ్చిదాన్ని జేస్తాండు అనుకున్న. చాయ్ ఇచ్చినంక నా బిడ్డకు ఫోన్ చేసిన. రేపు మనిషిని పంపి తీగ కోపియ్యమన్న. ఇల్లు గూడ ఖాళీ చేపియ్యాలె అన్న. ఇయ్యాల స్పీకర్ మంచిగున్నా ఒక్క వాక్యం చెవికెక్కలే."

ఆమె ఒళ్ళో ఉన్న ఫోన్ తీసి, కూతురికి కలిపింది.

"బిడ్డా, రేపు మనిషిని పంపకు. ఆఁ, తీగ ఉండనియ్. లేదు లేదు, నేను తప్పనుకున్న. పిలగాడు మంచోడే. నేను అడగకముందే దిగి అచ్చి చెప్పిండు."