సగం మాస్టరూ, పన్నెండు ఏప్రన్లూ

సగం మాస్టరు ఏ పని మొదలుపెట్టినా సగంలోనే ఆపేవాడు. అంత చక్కని కుట్టు ఇంకెవరికీ రాదని వీధంతా ఒప్పుకునేది. కాకపోతే ఆ కుట్టు ఎక్కడ ఆగుతుందో ఆయనకే తెలియదు. కొట్లో ఒంటిచేతి చొక్కాలూ, కాజాల్లేని కోట్లూ వేలాడుతుండేవి. టీ సగం తాగేవాడు, మాట సగం చెప్పేవాడు. మిగతా సగం ఆయన అక్క ఊహించుకునేది. ఆమె అదే కొట్లో గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసేది.

ఒకసారి అతన్ని నల్లదారం కోసం పక్క కొట్టుకి పంపింది. గంటన్నర తర్వాత స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు.

“దారమేదిరా?”

“ఆ కొట్టాయన స్టూలు ఊగుతోందక్కా. బిగించా.”

“మొత్తం బిగించావా?”

“మూడు కాళ్ళయ్యాయి. నాలుగోది బిగిస్తుంటే నీ నల్లదారం గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చా.”

“మరి తెచ్చావా?”

మాస్టరు తన చేతుల వంక చూసుకున్నాడు. అక్క చెప్పులేసుకుని తనే వెళ్ళింది.

ఇలా నవ్వులాటగా సాగుతుండగా ఆసుపత్రి వంటశాల నుంచి పన్నెండు ఏప్రన్ల పని వచ్చింది. వంటవాళ్ళు పన్నెండుమందీ కొలతలకి వచ్చారు. మాస్టరు టేపు పట్టుకున్నాడు గానీ చూపు ఎటో ఉంది.

“నడుమెంతరా?” అంది అక్క, పెన్సిలు పట్టుకుని.

“ఆఁ? ఏమన్నావ్?”

ఆ రోజు ఆమె ఆ మాట పాతికసార్లు అడిగింది.

వాళ్ళు వెళ్ళాక కొట్టు యజమానురాలు నెమ్మదిగానే చెప్పింది. “మాస్టారూ, శనివారానికి పన్నెండూ కావాలి. ఈసారీ సగమే అయితే మీ మిషను ఇంకొకరికిస్తాను. నాకూ వేరే దారి లేదు.”

ఇరవై ఏళ్ళుగా ఆ మిషను ముందే కూర్చున్నవాడు. ఆ పూట టీ ముట్టనే లేదు. మర్నాడు పొద్దున్నే అక్క అతన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

“చిన్నప్పటి నుంచీ ఇంతేనా?” అంది డాక్టరమ్మ.

“కుదురుగా ఉండడం తెలీదమ్మా. పుట్టడం కూడా నెల ముందే కానిచ్చేశాడు.”

డాక్టరమ్మ చాలాసేపు ప్రశ్నలడిగి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పింది. బద్ధకం కాదంది. మనసు పెట్టలేకపోవడం కాదు, పెట్టిన మనసుని ఒకచోట నిలపడం కష్టం, అంతే. మందుల సంగతి మళ్ళీ వచ్చినప్పుడు చూద్దామంది. ఈలోగా బల్లమీద ఒక్క పనే ఉంచుకోమంది. పక్కన ఎవరైనా కూర్చుని వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటుంటే కొంతమందికి పని సాగుతుందంది.

బయటికొచ్చాక మాస్టరు మెట్లమీద నిలబడిపోయాడు. “ఇన్నేళ్ళూ దీన్ని నా ఒళ్ళుబద్ధకం అనుకున్నానక్కా. పేరు తెలిసింది కదా, ఇక దీని సంగతి చూస్తా.”

“ముందు ఏప్రన్ల సంగతి చూడు.”

అక్క సగం కుట్టిన బట్టలన్నీ పెట్టెలో పడేసి, తాళమేసి, చెవి నడుముకి దోపుకుంది. మిషను పక్కనే స్టూలేసుకుని గుండీలు కుట్టసాగింది. ఇరవై నిమిషాలకోసారి గడియారం మోగితే లేవొచ్చు, అంతదాకా లేవకూడదని షరతు పెట్టింది.

“అక్కా, ఆ కిటికీ రెక్క...”

“అది శనివారం దాకా ఎక్కడికీ పోదు. కుట్టు.”

బుధవారం గడియారం మోగకముందే ఆరుసార్లు లేచాడు. గురువారం నాలుగుసార్లు లేచి, నాలుగుసార్లూ తనంతట తనే వచ్చి కూర్చున్నాడు. శుక్రవారం పన్నెండోది మిషను మీదుండగా ఒకాయన ఊడిన జిప్పు పట్టుకొచ్చాడు. మాస్టరు చెయ్యి ముందుకి వెళ్ళిపోయింది. గబుక్కున వెనక్కి లాక్కుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

“సోమవారం రండి బాబూ. ఇప్పుడు నాకు చూపించకండి, మీకు పుణ్యముంటుంది.”

శనివారం పొద్దున పన్నెండు ఏప్రన్లూ బల్లమీదున్నాయి. ఇస్త్రీ చేద్దామని విప్పిన అక్క వాటిని పక్కపక్కన పరిచి చూసింది. ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదానికి జేబు ఎడమవైపు ఉంది. ఇంకోదానికి నడుం దగ్గర వేసే ముడి ముందుకొచ్చింది.

“ఏం చేశావురా?”

మాస్టరు నోరు తెరిచేలోపే యజమానురాలూ, వెనకే వంటవాళ్ళూ వచ్చేశారు. మాస్టరు ఎవరిది వాళ్ళ చేతికిచ్చాడు. పెద్ద వంటామె తన ఏప్రన్ తొడుక్కుని, ఎడంచెయ్యి జేబులో పెట్టి ఆగిపోయింది.

“నాది ఎడంచేతి వాటమని ఎవరు చెప్పారు మాస్టారూ?”

“కొలతలప్పుడు కళ్ళజోడు ఆ చేత్తోనే తీశారు కదా.”

“నా ముడి ముందుంది,” అంది ఇంకొకామె.

“ఆ రోజు మీ కుడిచెయ్యి వెనక్కి పోలేదు. భుజం నొప్పా?”

ఆమె తలూపి, సాయం అడక్కుండా తనే ముడేసుకుంది.

అక్క, తను పెన్సిలు పట్టుకుని పాతికసార్లు అడిగిన రోజు గుర్తు చేసుకుంది. అప్పుడు తమ్ముడి చూపు ఎటో పోయిందనుకుంది. అది వాళ్ళ చేతులమీదే ఉంది.

యజమానురాలు ఏప్రన్లన్నీ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. “సోమవారం డ్రైవర్ల చొక్కాల పనొస్తుంది. మీ మిషనుకి నూనె పెట్టుకోండి మాస్టారూ,” అని వెళ్ళింది.

అక్క టీ తెచ్చింది. మాస్టరు సగం తాగి లేచాడు.

“మళ్ళీ ఎక్కడికిరా?”

“పక్క కొట్టాయన స్టూలు నాలుగో కాలు బిగించొస్తా.” రెండడుగులేసి వెనక్కొచ్చి, మిగతా టీ కూడా తాగేశాడు.

అక్క బల్లమీది సుద్ద తీసుకుని, అతని చొక్కాచేతి మీద పెద్దక్షరాలతో ‘నల్లదారం’ అని రాసి పంపింది.