ఏడుంబావుకు రాని నీళ్ళు

2001లో నేను సికింద్రాబాద్‌లోని ఒక హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులవి. మా స్కూలుకూ నాలుగు కంప్యూటర్లు వస్తే, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి గదికి తాళం వేశాం. ఆ వేసవి ట్రైనింగ్‌లో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పారు. స్టాటిస్టిక్స్ పాఠాన్ని చివరికి తోసెయ్యకండి, పిల్లల చేతనే డేటా, అంటే చూసి రాసుకున్న వివరాలు, తెప్పించండి అని. నిజం చెప్పొద్దూ, పద్దెనిమిదేళ్ళుగా ఆ పాఠాన్ని "ఛాయిస్‌లో వదిలెయ్యండి" అని దాటేసిన మనిషిని నేను.

ఆ క్లాసులో రేణుక అని బోయిగూడ పిల్ల ఉండేది. చురుకైంది. కానీ నెలకు అయిదారుసార్లు మొదటి పీరియడ్ పోగొట్టుకుని, పది దాటాక తడిసిన చున్నీతో గుమ్మంలో నిలబడేది. ఆ పీరియడ్ నాదే. రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో "ఎల్" వేసేదాన్ని. ఎల్ అంటే లేటు, మూడు కలిస్తే ఒకరోజు ఆబ్సెంట్. హాజరు ఇలాగే ఉంటే పబ్లిక్ పరీక్షకు హాల్ టికెట్ ఇవ్వనని హెడ్మిస్ట్రెస్ అప్పటికే చెప్పేశారు.

"నల్లా కోసం ఆగిన టీచర్," అనేది రేణుక. ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటి మీద ట్యాంకుంది, కుళాయి ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్ళు. అందుకే నాకది సాకులా వినిపించేది.

పిల్లలందర్నీ ఇంట్లోనో వీధిలోనో జరిగేది ఏదైనా ఇరవై రోజులు గమనించి రాసుకు రమ్మన్నాను. ఒకరు కరెంటు పోయిన వేళలు రాశారు, ఒకరు బస్సు వచ్చిన వేళలు. రేణుక నల్లా వచ్చిన వేళలు రాసింది. వాళ్ళ గల్లీకి రోజు విడిచి రోజు నీళ్ళు, అంటే మొత్తం పది అంకెలు. వాటిని బోర్డు మీద వేసి మీన్ కట్టించాను. అన్నీ కూడి పదితో భాగిస్తే వచ్చే సగటు. ఇంచుమించు ఏడుంబావు వచ్చింది. నాకు మహా సంబరం వేసింది.

"చూశావా? సగటున ఏడుంబావుకే వస్తున్నాయి. బిందెలు నిండటానికి ముప్పావుగంట. హాయిగా తొమ్మిదికల్లా స్కూల్లో ఉండొచ్చు. ఇంక నా దగ్గర సాకులు చెప్పకు."

"గట్ల కాదు టీచర్..."

"లెక్క అబద్ధం చెప్పదమ్మా. కూర్చో."

మరుసటి వారం వాళ్ళమ్మ యాదమ్మ వచ్చింది. ఆస్పత్రిలో ఆయా, పొద్దున ఆరింటికే డ్యూటీకి వెళ్ళాలి. నాతో పోట్లాడితే బాగుండేది. గొంతు కూడా పెంచలేదు.

"టీచరమ్మా, ఏడుంబావుకు నల్లా వస్తదని మీరు చెప్పిన్రట గదా. పోరి ఎనిమిదింటి దాక చూసింది, మీరు కోప్పడతరని బడికి ఉరికింది. తొమ్మిదింటికి నీళ్ళొచ్చినయ్. పట్టేటోళ్ళు లేరు. మా అత్త మంచంల నుంచి లేవదు, అన్నీ ఆడనే. రెండు రోజులు శాన తక్లీఫ్ అయింది. పిల్లను జెర అర్థం చేసుకోండ్రి."

నేను తలెత్తి ఆమెను చూడలేకపోయాను. ఆమె వెళ్ళాక రేణుకను పిలిచాను. కంగారులో నా శ్రీకాకుళం యాస బయటపడింది. "ఆరోజు ఏటి చెప్పబోయావమ్మా?"

రేణుక సుద్దముక్క తీసుకుని గీత గీసింది. అయిదున్నర దగ్గర అయిదు చుక్కలు పెట్టింది, తొమ్మిది దగ్గర అయిదు. "నడుమ ఏం లేదు టీచర్. పెద్ద లైన్‌మన్ వస్తే ముందు మా గల్లీ వాల్వు తిప్పుతడు. కొత్తాయన వస్తే ముందు పై గల్లీది తిప్పుతడు. ఏడుంబావుకు ఎన్నడూ రాలె."

ఏ రోజూ జరగని దాన్ని నేను జవాబుగా కట్టి, దాని మీద ఒక పిల్లను ఇంటి నుంచి పరుగెత్తించాను. రిజిస్టర్ తీసి, రేణుక వేళలు రాసిన కాగితం పక్కన పెట్టాను. తొమ్మిదింటి రోజులు అయిదు. ఒకటి ఆదివారం. మిగతా నాలుగు రోజులకూ నా ఎర్ర ఎల్ ఉంది. ఇంకే రోజూ లేదు.

రెండూ తీసుకెళ్ళి హెడ్మిస్ట్రెస్ ముందు పెట్టాను. ఆవిడ రెండూ పోల్చి చూసి, "ఈ రిజిస్టర్ మీదే కదండీ, ఇన్నాళ్ళూ మీకు కనబడలేదా?" అన్నారు. నీళ్ళు తొమ్మిదింటికి వచ్చే రోజుల్లో రేణుకకు ఎల్ వెయ్యొద్దని, వేసినవి అనుమతిగా మార్చమని సంతకం పెట్టారు. పోయిన పాఠం లంచ్ బ్రేక్‌లో నేనే చెప్పాను, ఇద్దరం చెరో డబ్బా ముందు పెట్టుకుని. మార్చిలో రేణుక అందరితో పాటు హాల్ టికెట్ అందుకుంది.

దానికి ముందే క్లాసులో అందరి ఎదుటా క్షమించమని అడిగాను. రేణుక సిగ్గుపడిపోయింది. "లెక్క కరెక్టే టీచర్," అంది నన్ను ఓదారుస్తున్నట్టుగా. "మీరు మా గల్లీల ఉండరు గద."

అప్పటినుంచి ప్రతి జూన్‌లో స్టాటిస్టిక్స్‌తోనే మొదలుపెట్టాను. సగటు ఎంత చక్కగా కట్టి తెచ్చినా, టిక్కు పెట్టేముందు ఒక మాట అడిగేదాన్ని. "ఇది నిజంగా ఎవరింట్లో జరిగిందమ్మా?"