పొడవెక్కువైన బొంత

అక్క పోయిందని కోనసీమ వదిన ఫోన్ చేసినప్పుడు నేను కువైట్ సబ్హాన్‌లో, మా పరదాల కార్ఖానాలో, ఎవరి పెళ్లి గదికో తళుకుల పరదా అంచు కుడుతున్నాను. మిషన్ ఆపకుండానే ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను.

"అక్క లేదంటండీ. పొద్దున్న లేవలేదంటండీ. వాళ్ల మామా, ఆ ఇంటావిడ, ఇప్పుడే ఫోన్ చేసింది."

"నేను నేర్పిన విద్య నాకే చూపిస్తాండావా వదినా?" అన్నాను.

నా తప్పేం లేదు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ గొంతుతో ఫోన్ చేసి రూములో ఆడవాళ్లను పరుగులు పెట్టించిన మనిషిని నేను. నాకు ఎవరు ఏ కబురు చెప్పినా ముందు అందులో మెలిక వెతుకుతాను. కానీ అవతల వదిన ఏడుస్తోంది. ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. మిషన్ ఆపాను. సూది పరదాలో దిగినచోటే ఉండిపోయింది.

అక్క నాకు తోబుట్టువు కాదు, వదిన మా అన్న పెళ్లామూ కాదు; అన్నీ ఇక్కడి పిలుపులే. అక్కది కడప పక్క, అక్కడ ఒక కూతురుంది; నాది రాయచోటి పక్క. అక్క ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి పిల్లలు పెద్దయి, వాళ్లకు పిల్లలు పుట్టినా వంటింట్లో ఆమే. మంచి పొడగరి. బ్నీద్ అల్ గార్‌లోని మా రూములోకి వచ్చేటప్పుడు తలుపు దగ్గర తల వంచేది. తలుపు అంత పొట్టిదేం కాదు, ఒకసారి ఎక్కడో తగిలించుకున్న భయం.

శుక్రవారం సెలవు. అందరూ బజారుకో, సముద్రం ఒడ్డుకో పోతారు. అక్క మాత్రం చంకలో పాతబట్టల మూట పెట్టుకుని మా రూముకు వచ్చేది. మంచాలు గోడకు నెట్టి, నేలంతా చీర పరిచి, బొంత కుట్టడానికి కూర్చునేది. ఆమె చుట్టూ మేము. ఈ ఎడారిలో బొంతలెందుకని నవ్వేవాళ్లున్నారు. వాళ్లు ఇక్కడి ఇళ్లలో పడుకుని ఎరగరు. బయట తారు కరుగుతుంటే లోపల ఏసీకి పళ్లు కొట్టుకుంటాయి. పనిమనిషి గదిలో ఏసీ తగ్గించే బటన్ ఉండదు.

నేను మొదటిసారి ఆ బొంత దగ్గర కూర్చున్న రోజే నా పని నేను చేశాను. పక్కన కోనసీమ వదిన, ఫహాహీల్ నుంచి బస్సులో వచ్చి, కళ్లు సూదికి అతికించి చిన్న చిన్న కుట్లు వేసుకుంటోంది. ఆమె చున్నీ కొస బొంత మీద పడి ఉంది. నేను నోరు మూసుకుని దాన్ని బొంతకు వేసి కుట్టేశాను. టీ పెట్టడానికి ఆమె లేస్తే బొంత మొత్తం ఆమె వెంట లేచింది. కత్తెరలు, దారపు ఉండలు, టీ గ్లాసులు నాలుగు దిక్కులకూ పోయాయి.

"అయ్యబాబోయ్, ఏంటండీ ఇది!" అని వదిన గిర్రున తిరిగితే బొంత కూడా తిరిగింది.

అందరూ పడీపడీ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ కుట్టును దగ్గరికి తీసుకుని చూసింది. నాకు తిట్లు ఖాయమనుకున్నాను.

"కుట్టు బాగుండాది. ఒక్క పోగు జారలా," అంది. "వచ్చే వారం నుంచి అంచు నువ్వే కుట్టల్ల. అల్లరి చేసే చేతికి పనిస్తే ఊరుకుంటాది."

ఊరుకోలేదనుకోండి. కానీ అంచు మాత్రం నాదే అయింది. ఎనిమిదో తరగతిలోనే బడి గోడ దూకినదాన్ని, నన్ను ఎవరైనా ఒక పనికి పెద్దను చేయడం అదే మొదలు.

కుట్టు చూసి మనిషి సంగతి చెప్పేది అక్క. ఎవరిదైనా కుట్టు బిగుసుకుని బట్ట ముడతలు పడితే వేలితో తడిమి, "ఇంట్లో ఏమన్నారే ఈ పొద్దు?" అని అడిగేది. అడిగినాక ఏడవని మనిషిని నేను చూడలేదు. ఏడ్చినాక టీ ఇచ్చి, ఆ వరస విప్పించేది. "కోపంతో కుట్టింది కప్పుకుంటే నిద్ర పట్టదు. విప్పి కుట్టు."

మా కడపోళ్ల కుట్టు బారెడు. కోనసీమ వదిన కుట్టు చీమ నడక. దీని మీద ప్రతి శుక్రవారం యుద్ధమే.

"మీ కుట్టులోంచి పిల్లి దూరిపోద్దండీ," అనేది వదిన.

"నీ కుట్టు అయ్యేలోపల కప్పుకునే మనిషి ముసల్ది అయిపోతాది పో వదినా," అనేదాన్ని నేను.

అక్క తీర్పు చెప్పింది: ఒక వరస మాది, ఒక వరస ఆమెది. అప్పటినుంచి మా బొంతలన్నీ అట్లాగే ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఒక గీత గట్టిగా, ఒక గీత మెల్లగా, ఇద్దరు మనుషులు వంతులేసుకుని మాట్లాడుకున్నట్టు.

ఆ బొంతలు ఎవరికనుకున్నారు? మాలో ఎవరైనా ఇక్కడి పని ఖలాస్ చేసుకుని, మళ్లీ రాకుండా ఊరికి పోతుంటే వాళ్లకు. మిగిలినవాళ్లు తలా ఒక ముక్క, తాము కట్టుకున్న బట్టలోంచి కత్తిరించి, తమ చేత్తోనే బొంతలో వేయాలి. పనింట్లో వేసుకునే గళ్ల గౌను ముక్కలు, వెలిసిన నైటీలు, ఇంట్లో ముసలాయన ఇచ్చేస్తే తొడుక్కున్న పాత దిష్‌దాషా అంగీ నుంచి తెల్ల ముక్క, అన్నీ పడేవి. పోయే మనిషి బట్ట మాత్రం ఒక్క పోగు కూడా పడకూడదు. అది అక్క పెట్టిన చట్టం.

"నీ బట్ట నీకెందుకు? నీతో నువ్వు యాడికి పోయినా ఉంటావు. మేము ఉండము. మా బట్టలు కప్పుకో."

ఇంకో చట్టం పొడవు గురించి. మనిషి పొడవుకు పైన రెండు జానలు. తల మీదికి లాక్కోవడానికి ఒక జాన, పాదాల కింద మడిచి పెట్టుకోవడానికి ఒక జాన.

పోయిన చలికాలంలో అక్క ఉన్నట్టుండి, "ఈసారి రంజాన్ అయినాక నేనూ ఖలాస్. పోతాండా," అంది. అందరూ సూదులు కింద పెట్టేశారు. నాకు మాత్రం అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. ఇంతమందికి బొంత కుట్టిచ్చిన మనిషి చేత, ఆమెకు తెలియకుండా, ఆమె బొంతనే కుట్టించాలి. పోయే రోజు మడత విప్పి, "ఇది నీదే అక్కా" అంటే ఆ ముఖం చూడాలి. నేను చేసిన అల్లర్లన్నిటిలోకీ ఇదే పెద్దదని పొంగిపోయాను.

ఎవరికి కుడుతున్నామని చెప్పాలి కదా. కోనసీమ వదినకని చెప్పాం. ఆమె కూడా ఊరికి వెళ్లిపోతోందని కట్టుకథ. వదిన ముక్క చివర్లో వేద్దామనుకున్నాం. లేకపోతే చట్టం ప్రకారం దొరికిపోతాం.

"అవునండీ, వెళ్లిపోతున్నానండీ," అంది వదిన, తలెత్తి పైన మిద్దె వైపు చూస్తూ.

"మిద్దెకు చెప్తాండాదేమే ఈయమ్మ?" అంది అక్క నాతో.

పైచీర పరిచి, లోపల పొరలు వేసి, ముక్కలు సర్ది చూపించాను. అక్క అలవాటుగా జానలు వేసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చింది. ఆగింది. వదినను కిందినుంచి పైదాకా చూసింది. చూడడానికి ఎంతోసేపు పట్టలేదు, వదిన మా అందరిలోకీ పొట్టి.

"ఏమ్మే, ఊరికి పోయినాక ఈయమ్మ పొడుగైతాదా?"

"కోనసీమ నీళ్లక్కా. కొబ్బరిచెట్ల మాదిరి పెరుగుతారు," అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి, సూది గుచ్చుకోకుండా వేలికి ప్లాస్టర్ చుట్టుకుని, సూది తీసుకుంది. గండం గడిచిందనుకున్నాను.

మిగిలినవాళ్లందరి ముక్కలూ పడ్డాయి. నేను కార్ఖానాలో మిగిలిన పరదా ముక్క తెచ్చి వేశాను. అక్క దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇది నీ బట్టనా, కిటికీ బట్టనా? కిటికీని ఎవురు కప్పుకుంటారే?"

"ఖరీదైన బట్టక్కా ఇది. నా నైటీలకంటే దీనికే మర్యాద ఎక్కువ."

"మర్యాద కప్పుకుంటే వెచ్చగా ఉండదు," అని ఊరుకుంది.

అక్క ముక్క మాత్రం పడలేదు. వదిన బొంత అని నమ్మితే అక్క ముక్క పడాలి. పడితే పైపైన కుట్టి, తర్వాత మెల్లగా విప్పేద్దామని మా ఎత్తు. కానీ ఎప్పుడడిగినా, "తెస్తాలే, తొందరేముంది?" అనేది.

"ఇంత పిసినారితనం ఎప్పుడొచ్చిందక్కా నీకు?" అనేదాన్ని. నవ్వి సూదిలో దారం ఎక్కించుకునేది.

ఆ రోజుల్లోనే నా పసుపు చున్నీ పోయింది. ఫహాహీల్ బజారులో బేరమాడి కొన్నది, పండగలకు తప్ప తీయనిది. బాల్కనీలో ఆరేస్తే మాయమైంది. నేను రూమంతా గాలించి, చివరికి కోనసీమ వదిన సంచీ కూడా వెతికాను. వదిన ఒక వారం నాతో మాట్లాడలేదు. అక్క మాత్రం చాలా బాధపడింది.

"దుమ్ముగాలికి ఎగిరిపోయింటుందిలే. ఈపాటికి ఎవురో షేకు ఒంటె మెడలో ఉంటాది. దానికైనా బాగుంటాది."

రంజాన్ ఇంకా రానేలేదు. బొంతకు మూడు వైపులు మూసుకున్నాయి, పాదాల వైపు మిగిలింది. అప్పుడే ఆ ఫోన్ వచ్చింది.

అక్కను ఊరికి పంపే కాగితాల పని మనవాళ్లు చూసుకున్నారు. వాళ్ల మామా మార్చురీ బయట కుర్చీలో కూర్చుని, అక్క చేసే పప్పు గురించే మాట్లాడుతూ ఉంది. ఎవరో అన్నారు, బొంత ఉన్నది ఉన్నట్టుగా పెట్టెలో పెట్టి పంపుదామని. నేను ఒప్పుకోలేదు. దారాలు వేలాడుతున్న బొంత కప్పి పంపితే ఆమె విమానంలో లేచి కూర్చుని నన్ను తిడుతుంది. అక్క వట్టి పెట్టెలో పోయింది.

అప్పటినుంచి నన్ను ఒకే ఒక్కటి తొలిచింది. పోయేవాళ్లందరికీ బొంత ఇచ్చిన మనిషి, తనకొక బొంత ఉందని తెలియకుండా పోయింది. నా వేడుక కోసం దాచాను. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఒక్క రాత్రయినా, "నాకూ కుడుతున్నారు" అనుకుని పడుకునేది కదా.

కొన్ని వారాలు ఎవరం సూది పట్టలేదు. శుక్రవారం వస్తే మంచాలు మంచాల చోటే ఉన్నాయి. చివరికి కోనసీమ వదినే ఫహాహీల్ నుంచి వచ్చి, చెప్పులైనా సరిగా విప్పకుండా మంచం గోడకు నెట్టింది.

"ఎన్నాళ్లండీ ఇలాగ? ఆవిడ కూతురికి పంపాలి కదండీ. వాళ్లమ్మంత పొడుగంట ఆ పిల్ల కూడా. పట్టండి ఆ చివర."

ఇక దాచేది ఏముంది, ముందు వదిన తన ముక్క వేసింది. తర్వాత పాదాల వైపు మూసేముందు, పొరలు సమంగా సర్దుదామని నేను లోపలికి చెయ్యి పెట్టాను. మెత్తగా, జారుడుగా ఏదో తగిలింది. పైపొర ఎత్తి చూశాను.

నా పసుపు చున్నీ. కత్తిరించలేదు. నీటుగా మడతపెట్టి, లోపలి పొరకు నాలుగు మూలలా కుట్టి ఉంది. బారెడు కుట్టు. అది అక్క చెయ్యి అని మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"అది మీ చున్నీ కదండీ! నన్ను దొంగన్నారు కదండీ మీరు!" అని వదిన లేచి నిలబడింది.

నేను ఆ నాలుగు మూలల కుట్లను వేలితో తడిమాను. వదిన మళ్లీ కూర్చుని, నెమ్మదిగా అంది:

"అంటే ఆవిడ ముక్క తేకపోవడం మర్చిపోయి కాదండీ. తనది పడకూడదని తేలేదు. తన బొంతని తెలుసండీ ఆవిడకి."

పొడుగైతాదా అని అడిగిన రోజే అక్కకు తెలిసింది. జానలు వేసిన ఆ చెయ్యికే తెలిసింది. ఆమె పొడవుకు పైన రెండు జానలు పెట్టి కత్తిరించి, పొట్టి మనిషి పేరు చెప్పిన తెలివి నాది. తెలిసి కూడా అన్ని శుక్రవారాలు తన బొంతకు తానే కుట్లు వేసుకుంటూ, మా ముందు ఏమీ తెలియనట్టు ముఖం పెట్టుకుని కూర్చుంది. పైగా నేను కిటికీ బట్టతో సరిపెడితే, నేను ఒంటి మీద వేసుకునే బట్టను బాల్కనీలోంచి దొంగతనం చేసి మరీ వేసుకుంది. ఒంటె మెడలో ఉందట!

నేను నవ్వడం మొదలుపెట్టాను. వదిన కూడా నవ్వింది. మేము నవ్వుతున్నామో ఏడుస్తున్నామో తెలియక పక్క రూము మలయాళీ నర్సమ్మ తలుపు తట్టింది.

చున్నీని అక్కడే, అవే కుట్ల మీద ఉంచేసి పాదాల వైపు మూసేశాం. నేను అంచు కుట్టాను. ఒక వరస నాది, ఒక వరస వదినది. ఆ రోజు మా రూముకు కొత్తగా వచ్చిన రాజంపేట అమ్మాయి కూడా ఒక మూల కూర్చుని సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతుంటే, దారం నేను ఎక్కించి ఇచ్చాను. ఆమె చున్నీ కొస బొంత మీదే పడి ఉంది. చూశాను. మొదటి రోజు కదా అని వదిలేశానని మీరు అనుకుంటే, నా గురించి ఇంతసేపు చదివి మీకు ఏమీ తెలియలేదన్నమాట.

ఆ గోల సద్దుమణిగాక, బొంత పంపేముందు కొలత చూడాలి. ఒకరు పడుకుంటే పైన కప్పి చూస్తాం. అది కూడా అక్క పెట్టిందే. పొడగరి ఎవరూ లేరు కాబట్టి కోనసీమ వదినే చాప మీద వెల్లకిలా పడుకుంది. నేను బొంత తల దగ్గర నుంచి పరుచుకుంటూ కిందికి వచ్చాను.

"నా కాళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" అంది వదిన, గడ్డం దాకా కప్పుకుని.

వదిన పాదాలు అయిపోయాక కూడా బొంత ఇంకా ఉంది. చాప దాటి, గచ్చు మీదికి, బాల్కనీ తలుపులోంచి పడుతున్న ఎండలోకి పోయింది. లోపల ఎవరూ లేని ఆ చోట, నా చున్నీ మడత దగ్గర మాత్రం, కొంచెం ఎత్తుగా ఉంది.