జూలై దాకా ఆగమనే ఎర్విన్

మా ఎర్విన్ హోల్‌స్టెన్ ఫిబ్రవరి నుంచి జూన్ ఆఖరు దాకా ఏదీ కోయడు. ఓక్ చెట్టు కొమ్మే కాదు, తన జుట్టు కూడా. జూన్ వచ్చేసరికి మనిషి ఉన్ని కత్తిరించని గొర్రెలా తయారవుతాడు.

"జుట్టుకూ తెగులొస్తుందా పెద్దాయనా?" అని అడిగాను ఒకసారి.

"అలవాటు తప్పితే చెయ్యి ఊరుకోదురా, క్లైడ్."

టెక్సస్ గుట్టల్లో కొమ్మలు కోసే పనికి అతని వెంట నిచ్చెన మోసి మోసి ఇరవై రెండేళ్లయింది. ఆ పాఠం నాకు నిద్రలో కూడా వస్తుంది. వసంతంలో కోస్తే పచ్చి గాయం వాసనకు పురుగులు వాలి తెగులు అంటిస్తాయి. ఓక్‌ల వేళ్లు నేల కింద కలిసే ఉంటాయి కాబట్టి ఒకదానికి పట్టిందంటే వీధంతా ఎండిపోతుంది. మండుటెండల్లోనో గట్టి చలిలోనో కోయాలి, ఏ నెలైనా సరే కోసిన మరుక్షణం గాయం మూసుకునేలా రంగు పూయాలి. ఆ రంగు డబ్బా లేకుండా ఎర్విన్ చర్చికి కూడా వెళ్లడు. ఓ జూలైలో మంగలి కత్తెర చెవికి తగిలితే, "ఆగు!" అని డబ్బా మూత తీశాడు.

మొన్న ఏప్రిల్‌లో మా ఊరి లోరీన్ గారు అతన్ని పిలిచారు. మనవరాలి పెళ్లి ఆవిడ పెరటి ఓక్ కిందే. కొమ్మొకటి సరిగ్గా పెళ్లికూతురి నెత్తిన వేలాడుతోంది.

"జూలైలో కోస్తా," అన్నాడు ఎర్విన్.

"పెళ్లి శనివారం!"

"పెళ్లిని జూలైకి మార్చు."

ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "నువ్వైనా కోసిపెట్టు నాయనా, ఆ మొండివాడికి చెప్పకు," అన్నారు. వాదించే ఓపిక లేక సరేనన్నాను. శుక్రవారం కోసి దిగేసరికి మోకాళ్లు విరిగినట్లున్నాయి, కడుపు కాలిపోతోంది. తిన్నాక రంగు పూయొచ్చులే అనుకుని, నిచ్చెన అక్కడే వదిలేసి ఎదురు హోటల్లో పొగమీద కాల్చిన బ్రిస్కెట్ మాంసం తినడానికి పోయాను. ఇరవై రెండేళ్లలో నేను చేసిన అతి పెద్ద వెధవ పని అదే.

సగం తిన్నానో లేదో లోరీన్ గారి కేకలు వినిపించాయి. పరుగెత్తాను. కోసినచోట నల్లటి తడి రంగు. దాని కింద పెళ్లికి వేసిన తెల్లకుర్చీల నిండా నల్ల చుక్కలు. నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పిన ఎర్విన్, పైమెట్టు మీద నిలబడి తిట్లు తింటున్నాడు. రంపం చప్పుడు విని వచ్చాడట.

నా పని అయిపోయిందనుకున్నాను. గాయాన్ని రంగు పూయకుండా వదిలేసి భోజనానికి పోయాడని తెలిస్తే ఈ ఊళ్లో నన్ను గడ్డి కోయడానికి కూడా ఎవరూ పిలవరు.

"క్లైడ్‌ది తప్పేం లేదు," అన్నాడు ఎర్విన్. "కోసిన వెంటనే రంగు పూయమని నన్ను పిలిచాడు. నా చెయ్యే వణికింది."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. లోరీన్ గారు తిట్లు మళ్లీ మొదటినుంచీ అందుకున్నారు.

"సరేలే లోరీన్," అన్నాడతను మెల్లగా కిందికి దిగుతూ. "మిగతాది జూలైలో తిట్టు."

ఇద్దరం ఆ మధ్యాహ్నమంతా కూర్చుని కుర్చీలు తుడిచాం. ఎర్విన్ ఒక్కమాటే అడిగాడు, "బ్రిస్కెట్ ఏమైనా మిగిలిందా?"