దొరగారు పరీక్ష తప్పారు

ముందే ఒప్పేసుకుంటున్నాను. మా పిన్ని కుక్క పరీక్ష తప్పింది కుక్క వల్ల కాదు, నా వల్ల.

పిన్ని ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఎక్కడైనా ముడత కనబడితే ఆవిడకి ముద్ద దిగదు. మమ్మల్నందరినీ ఒరేయ్, ఒసేయ్ అనే మనిషి, తన కుక్కను మాత్రం "దొరగారూ, కూర్చోండి" అంటుంది. అందులో పావు వంతు మర్యాద నాకు దక్కినా బాగుపడేవాణ్నేమో.

అక్కడ పక్షవాతం వార్డులో టైపు నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉంది. కుడిచెయ్యి పడిపోయింది. ఎవరెంత బతిమాలినా వేలు కదిపేది కాదు. ఒక సాయంత్రం చక్రాల కుర్చీలో గేటు దగ్గర కూర్చుని ఉంటే, పిన్ని కోసం అక్కడికొచ్చిన దొరగారు వెళ్లి ఆ చేతి కింద తల దూర్చారు. రెండు వేళ్లు కదిలాయి. అది చూసిన పెద్ద డాక్టరు పిన్నితో, "రోగుల దగ్గరికొచ్చే కుక్కలకి ఒక పరీక్ష ఉంది, అది పాసైతే దీన్ని రోజూ వార్డులోకి రానిస్తాం. తొందరపడమ్మా, ఆలస్యమైతే ఆ చెయ్యి బిగుసుకుపోతుంది" అన్నాడు.

అంతే, పిన్ని ఇల్లే ఆస్పత్రి అయిపోయింది. చక్రాల చప్పుడు అలవాటు కావాలని ఆఫీసు కుర్చీ ఒకటి తెచ్చి గదులన్నీ తిప్పేది. కుక్క వెనక పళ్లాలు పడేసేది. నేల మీద బిస్కెట్ పెట్టి, ముట్టుకోకుండా దాటించేది. రోగుల్లా చెవులూ తోకా లాగడం నా పని.

"ఒరేయ్ కోతీ, రోగిలా లాగమన్నాను. గంట కొట్టమన్లేదు!"

పిన్ని డ్యూటీకి వెళ్లినప్పుడు నా సొంత పాఠం ఒకటి నేర్పాను. "అయ్యో" అనగానే వెల్లకిలా పడి, నాలుక వేలాడేసి, చచ్చినట్టు నటించాలి. నా స్నేహితులు పడీ పడీ నవ్వారు. ఆస్పత్రిలో నిమిషానికోసారి ఎవరో ఒకరు ఆ మాట అంటారని నా బుర్రకు తట్టలేదు.

పరీక్ష వార్డులోనే పెట్టారు. పరీక్ష చేసే మేడమ్ పన్నెండు అంశాల్లో పదకొండింటికి టిక్కు పెట్టింది. ఆఖరిది ఊతకర్ర. నర్సు దాన్ని దభీమని పడేసింది. దొరగారు కన్నార్పలేదు. పిన్ని మొహం వెలిగిపోయింది. సరిగ్గా అప్పుడే మంచం మీది తాతొకాయన, "అయ్యో!" అన్నాడు.

దొరగారు ఢామ్మని పడిపోయారు.

"చచ్చిపోయిందా?" అంటూ టీచరమ్మ ఏడుపు లంకించుకుంది. వార్డు వార్డంతా అయ్యో, అయ్యో అంది. అన్నకొద్దీ దొరగారి నాలుక ఇంకాస్త బయటికొచ్చింది. నాకు నవ్వు రాలేదు. గోడలో కలిసిపోతే బాగుండనిపించింది.

"ఎవరు నేర్పారిది?" అంది మేడమ్.

పిన్ని ఒక్కసారి నా వంక చూసింది. "మా ఇంట్లోనే నేర్చుకుందండీ, తప్పు నాదే" అంది.

ఆర్నెల్ల దాకా మళ్లీ పరీక్ష లేదన్నారు. వరండాలోకి వచ్చాక పిన్ని దొరగారి గొలుసు పట్టుకుని గబగబా ముందు నడిచింది. తిట్టినా బాగుండేది. ఉండబట్టలేక నేనే అన్నాను: "ఆర్నెల్లే కదా పిన్నీ, చిటికెలో గడిచిపోతాయి."

పిన్ని ఆగిపోయింది.

"నీకు గడుస్తాయిరా. ఆ చేతికి గడవవు. పద వెనక్కి, ఆ ముక్కేదో టీచరమ్మకి నువ్వే చెప్పిరా."