సదానందం ముప్పై ఒకటో ఉద్యోగం

వరంగల్ కొత్తవాడలో ఎవరికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చినా, ఆ ఉద్యోగానికి అందరికంటే ముందు పోయేది సదానందం. ఆర్డరు కాగితం మీద పేరు ఎవరిదైనా ఉండనీ. వాళ్లు చేరడానికి ఇంకా ఇరవై రోజులుందనగా ఆయన తన జంపఖానాల దుకాణానికి తాళం వేసి, తలుపు మీద సుద్దముక్కతో 'ఆఫీసుకు పోయిన' అని రాసి, బస్సెక్కేస్తాడు.

వయసు అరవై రెండు. చదివింది ఐదో తరగతి, అదీ సగమే. కానీ ఐటీ కంపెనీల గేట్ల ముందు ఆయనకున్న పలుకుబడి ఆ కంపెనీల మేనేజర్లకు కూడా ఉండదు. ఏ గేటు దగ్గర చెట్టు నీడ ఉందో, ఏ వాచ్‌మన్‌కు చక్కెర జబ్బుందో, ఏ బిల్డింగులో లిఫ్టు ఎన్నిసార్లు ఆగుతుందో ఆయన్నే అడగాలి.

"పట్నంల కిరాయి ఎక్కడ తక్కువో అందరికెరుకే," అంటాడు. "గా తక్కువ కిరాయి ఇంట్లకెళ్లి ఆఫీసుకు పోతే పానం ఎంత పోతదో ఎవలికెరుక? ఫోన్ల మ్యాపు గంట అని చెప్తది. దానికేం, కాళ్లున్నయా నొయ్యడానికి?"

అందుకని ఆయనే ఉద్యోగి అవుతాడు. ఉత్తుత్తిగా కాదు. ల్యాప్‌టాప్ ఎంత బరువో అడిగి తెలుసుకుని, సరిగ్గా అంతే బరువు బియ్యం జోకి బ్యాగులో పోసుకుంటాడు. టిఫిన్ డబ్బా కడతాడు. మెడలో ఐడీ కార్డు తాడు వేసుకుంటాడు, దాని కవర్లో సమ్మక్క సారలమ్మల ఫొటో. ఏ బస్తీలో పరీక్షయితే ఆ బస్తీలో వరంగల్ వాళ్లెవరింట్లోనో జంపఖానా పరుచుకుని పడుకుంటాడు. పొద్దున్నే ఆఫీసు టైముకు బయల్దేరి, కిక్కిరిసిన బస్సులో వేలాడి, గేటు దగ్గరకు చేరి, టైము చూసుకుని, అక్కడే డబ్బా తిని, సాయంత్రం అందరితో పాటు అలసిపోయి వెనక్కి వస్తాడు. ఒకసారి ఒక కంపెనీలో పండుగకు మిఠాయి డబ్బాలు పంచుతూ ఆయనకూ ఒకటి ఇచ్చారట. ఇంకో కంపెనీలో, మూడు రోజులు రాకపోతే, "పెద్దాయన రిజైన్ చేసిండా?" అని అడిగారట. ఇందులో సగం అబద్ధమే అయినా మిగతా సగానికి దండం పెట్టాలి.

ఆయన భార్య సమ్మమ్మ మాత్రం దండం పెట్టదు. "మా ఆయనకు ముప్పై ఉద్యోగాలమ్మా," అంటుంది. "ఒక్కదాంట్లకెళ్లి జీతం రాదు."

ఆయన లెక్క తప్పింది ఒక్కసారే. అదే వీధి కుర్రాడు హరికృష్ణకు ఉద్యోగం వచ్చినప్పుడు పరీక్షకు పోయింది సరిగ్గా మేడారం జాతర వారం. ఉన్న బస్సులన్నీ జాతరకే పోయాయి. సదానందం ఒక బస్‌స్టాపులో రెండు గంటలు నిలబడి, "గీ ఏరియాకు బస్సులే లెవ్వు, గవర్నమెంటు మర్సిపోయింది," అని తీర్మానించి, హరికృష్ణను పట్నానికి ఆ చివరన ఒక గల్లీలో దింపాడు. తీరా జాతర అయిపోయాక చూస్తే, మర్చిపోయిన ఏరియాకు నిమిషానికో బస్సు. హరికృష్ణ మాత్రం ఆ ఆఖరి గల్లీలోనే ఎదురింటి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. ఇప్పుడు ఆ సంబంధం కూడా తన పరీక్షలోనే పాసయిందని చెప్పుకుంటాడు సదానందం.

అలాంటి మనిషి చేతిలో పడింది శ్రావణి.

శ్రావణికి రాయదుర్గంలో ఉద్యోగం వచ్చింది. వీధిలో ఆడపిల్లకు పట్నంలో ఉద్యోగం రావడం అదే మొదలు. ఆమె తండ్రి ఎల్లస్వామి మగ్గం మీద పులుల్ని, నెమళ్లని ధైర్యంగా నేసే మనిషే గానీ, బిడ్డను ఒంటరిగా పంపాలంటే మాత్రం ఆయనకు చెమటలు పట్టాయి.

"సదానందమన్న మంచి జాగ సూస్తె పోతవ్. లేదంటే లేదు. హన్మకొండల బట్టల షాపోళ్లు కంప్యూటర్ మీద కూసునేటోళ్లు కావాలంటాండ్రు. అండ్ల కూసో," అన్నాడు.

"బాపూ, ఆఫీసు పక్కనే హాస్టల్ ఉన్నది. నాతోటి చదివిన శోభారాణి అండ్లనే ఉంటాంది. పది నిమిషాల నడక!"

"అన్న సూడనియ్యి."

సోమవారంలోగా ఇల్లు కుదరకపోతే నాలుగేళ్ల చదువు బట్టల షాపు బిల్లుల్లో కలిసిపోతుంది. శ్రావణి రోజూ సాయంత్రం సదానందం ఫోను కోసం కాచుకుని కూర్చునేది. ఆ ఫోను స్పీకరులో పెడితే వీధి వీధంతా వచ్చి వినేది.

మొదట మియాపూర్ వైపు నుంచి మాట్లాడాడు. "అమీర్‌పేటల మెట్రో మారాలె బిడ్డా. మారుడంటే ఏమనుకున్నవ్, జాతరల గద్దెల కాడికి పోయినట్టే. నేను నడువలే. జనమే నన్ను లేపుకపోయిండ్రు. నా కాలు మీద ఒకడు నిలవడ్డడు, నేనింకొకని కాలు మీద నిలవడ్డ. అందరం మర్యాదగనే ఉన్నం."

"మరి వద్దా పెద్దబాపూ?"

"వద్దు."

తర్వాత శోభారాణి ఉన్న హాస్టల్. లోపలికి రానివ్వరు కాబట్టి బయట నిలబడి, అక్కడి వంటమనిషిని అడిగి తెలుసుకున్నాడు. "రూముకు ఆరు మంచాలు, ఒకటే కిటికీ. కిటికీలకెళ్లి చెయ్యి సాపితే పక్క బిల్డింగోళ్ల టీవీ బంద్ చెయ్యచ్చు. సగం జీతం హాస్టలే మింగుతది. వద్దు."

మూడోది ఇంకో బస్తీ. ఇల్లు సున్నం వేసి తళతళలాడుతోంది. నీళ్లు పుష్కలం. కిరాయి తక్కువ. బస్సు ఇంటి ముందే ఆగుతుంది. ఎల్లస్వామి లేచి నిలబడ్డాడు. వినోద, అంటే శ్రావణి తల్లి, అప్పుడే సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.

"వద్దు," అన్నాడు సదానందం.

"ఎందుకే అన్నా?"

"ఏమో. మనసొప్పలే."

ఆ రాత్రి శ్రావణికి అన్నం సహించలేదు. ఎనిమిది రోజులే మిగిలాయి. ముసలాయన మనసొప్పకపోతే తన బతుకు బట్టల షాపు పాలవ్వాలా? సమ్మమ్మే వచ్చి ఓదార్చింది. "ఏడువకు బిడ్డా. ఆయన నన్ను సూసి సుత ఏడాది దాకా మనసొప్పలే అన్నడు."

శనివారం మధ్యాహ్నం సదానందం దిగాడు. ముఖం నల్లబడింది, చెప్పు తెగింది, బ్యాగులో బియ్యం మాత్రం అలాగే ఉంది. వీధంతా చుట్టూ చేరింది.

"దొరికింది," అన్నాడు. "బోడుప్పల్. పాలకుర్తి కాడామె, యమున అని, బట్టలు కుడుతది. తల్లి, తను ఉంటరు. పైన రూమున్నది. కిరాయి మనకు అందేదే. షేర్ ఆటోల ఉప్పల్ పోవుడు, మెట్రో ఎక్కుడు. మధ్యల మారుడు లేదు, సీదా రాయదుర్గం. పొద్దుగాల పోతే సీటు దొరుకుతది."

"మొత్తం ఎంత సేపు?" అంది శ్రావణి.

"గంటన్నర."

"గంటన్నరా! పది నిమిషాల హాస్టల్ వద్దని గంటన్నర తొవ్వ చూసినవా పెద్దబాపూ? అండ్ల ఏమున్నదని?"

సదానందం గడ్డం గోక్కున్నాడు. అబద్ధం చెప్పేటప్పుడే ఆయన గడ్డం దురద పెడుతుందని వీధిలో అందరికీ తెలుసు. "మూల మీద ఇడ్లీ బండి ఉన్నది బిడ్డా. పల్లి చట్నీ మస్తుంటది."

పల్లి చట్నీ కోసం రోజుకు మూడు గంటలు! శ్రావణికి కోపంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ వేరే దారి లేదు. ఆదివారం వెళ్లి యమున పైగదిలో దిగింది.

సోమవారం ఏడుంపావుకు బ్యాగు భుజాన వేసుకుని గల్లీలోకి వచ్చింది, రెండుసార్లు ఇంటి వైపు తిరిగి చూసింది. ఈ చుట్టుపక్కల తన పేరు తెలిసిన మనిషి యమున ఒక్కతే. మూల దాకా నడిచింది. ఇడ్లీ బండి నిజంగానే ఉంది.

"ఆగు," అంది బండి వెనకున్న లావుపాటామె, గరిటె ఎత్తి. "శ్రావణివేనా? కొత్తవాడ?"

శ్రావణి తలూపింది.

"నేను రాజక్కను. కూసో, రెండు ఇడ్లీలు తిను. కడుపు ఖాళీగుంటే నీకు ఆటోల తిప్పుతదట గదా? మీ పెద్దబాపు చెప్పిండు. వెంకటేశ్వర్లూ! వచ్చింది పిల్ల!"

ఎదురుగా ఆటోలో కూర్చున్నాయన తల బయటికి పెట్టాడు. "ఎక్కు బిడ్డా. ఇగో, గాలొచ్చే వార సీటు ఖాళీ పెట్టిన. వెనక మూలకు కూసుంటే వాంతికొస్తదన్నడు పెద్దాయన."

పక్కనున్న ఇద్దరు ప్రయాణికులు సానుభూతిగా చూశారు. శ్రావణికి భూమి చీలితే బాగుండుననిపించింది. ఉప్పల్‌లో మెట్రో మెట్ల దగ్గర బ్యాగులు చూసే ఆమె, "బియ్యం బ్యాగు తాత బిడ్డవా? కుడిచేతి దిక్కు పో, లైను తక్కువుంటది," అంది. రాయదుర్గంలో ఆఫీసు వాచ్‌మన్ సారయ్య లేచి నిలబడి, చల్లటి నీళ్ల సీసా చేతికిచ్చాడు. "మొదటి రోజు భయపడతదని చెప్పిండు మేడం. తాగి పోండ్రి. లోపటోళ్లు సుత మనుషులే."

ఆమె భయం ఏ స్టేషన్‌లో దిగిపోయిందో తెలియనే లేదు.

సాయంత్రం తిరిగొచ్చి రాజక్క బండి ముందు నిలబడింది. "అక్కా, నా గురించి ఊరంత ఎందుకు చెప్పిండు పెద్దబాపు?"

"ఆయనంతల ఆయనేడ చెప్పిండు? మేమే అడిగినం." రాజక్క కొంగుతో చెమట తుడుచుకుంది. "ముసలాయన మూడు రోజులు వరుసగ ఏడుంపావుకే వచ్చిండు. నాలుగో నాడు రాలే. నాకు పరేషానైంది. వెంకటేశ్వర్లు సుత రెండు ట్రిప్పులు ఆపుకొని సూసిండు. ఐదోనాడు కనవడంగనే, 'నిన్న రాలేదేంది తాతా, పానం బాగలేదా?' అని అడిగిన. గంతే! మనిషి గీ బండి పట్టుకొని నవ్వుడే నవ్వుడు. 'నిన్న ఇంట్లనే పండుకున్నమ్మా, కావాలనే రాలే. ఒక్కరోజు రాకుంటే అడిగేటోళ్లు ఉన్నరా లేరా అని సూసుటానికి. మూడు బస్తీలు తిరిగిన. ఎవ్వలడుగలే. ఇగ నా బిడ్డ ఈడనే ఉంటది,' అన్నడు."

శ్రావణి బండి పక్కన స్టూలు మీద కూర్చుంది. ముప్పై ఉద్యోగాలు, ముప్పై తొవ్వలు. ప్రతి తొవ్వలోనూ ఒక రోజు ఎగ్గొట్టి, ఎవరైనా వెతుకుతారేమోనని ఇంట్లో పడుకుని చూసిన ఆ మనిషికి ఆమె మనసులోనే దండం పెట్టుకుంది. రామప్ప గుడి కట్టినవాళ్లు కూడా ఒక్కో రాయిని ఇంత ఓపికగా తట్టి చూసి ఉండరు.

మూడు వారాల తర్వాత ఒక బుధవారం, ఇంటి నుంచే పని చేయమన్నారు ఆఫీసువాళ్లు. హాయిగా తొమ్మిదింటి దాకా నిద్రపోయి లేచేసరికి, కింద ఆటో హారన్ ఆగకుండా మోగుతోంది. కిటికీలోంచి చూస్తే వెంకటేశ్వర్లు, పక్కన ఇడ్లీ పొట్లంతో రాజక్క, వాళ్ల వెనక టేపు మెడలో వేసుకుని యమున.

"నాకేం కాలే! ఇయ్యాల ఇంటికాన్నుంచే పని!" అని అరిచింది శ్రావణి.

"ముందుగాల చెప్పద్దా?" అన్నాడు వెంకటేశ్వర్లు, తల పట్టుకుని. "పెద్దాయనకు ఫోన్ సుత చేసిన!"

శ్రావణి గబగబా సదానందానికి ఫోను కలిపింది. అవతల బస్సు చప్పుడు.

"పెద్దబాపూ, ఎక్కడున్నవ్?"

"జనగామ దాటిన."

"నాకేం కాలే, మంచిగున్న. దిగి వెనకకు పో!"

"ఓ, నీ కోసమనుకున్నవా?" అన్నాడు సదానందం. గడ్డం గోక్కుంటున్న చప్పుడు ఫోనులోనే వినిపించింది. "నేను కొత్త ఉద్యోగం పని మీద పోతాన."

"ఎవలకొచ్చింది?"

గడ్డం గోక్కుంటున్న చప్పుడు మళ్లీ వినిపించింది.

"మీ పెద్దమ్మకు."

"సమ్మమ్మ పెద్దమ్మకా! ఏ కంపెనీల?"

"గదే సూద్దామని పోతాన బిడ్డా."